కాల్ ఆఫ్ అంటే ఫోన్ కట్టేయడమా?

ప్రశ్న: మేడమ్, మా మేనేజర్ 'మీటింగ్ కాల్డ్ ఆఫ్' అని మెసేజ్ పెట్టారు. ఫోన్లో కాదు, నేరుగా కలవాలేమో అనుకుని పొద్దున్నే వెళ్లి కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ఇలాంటి మాటలు ఎలా అర్థం చేసుకోవాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: బాధపడకండమ్మా, విడివిడిగా చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. మన 'చెయ్యి చేసుకున్నాడు' చూడండి. చెయ్యి తెలుసు, చేసుకోవడం తెలుసు. అయినా కొట్టాడని అర్థమని ఎవరో ఒకరు చెప్పాల్సిందే. కాల్ ఆఫ్ అంటే రద్దు చేయడం, పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయడం. అదే 'పుట్ అప్ విత్' అయితే ఓర్చుకోవడం! పుట్, అప్, విత్ – ఈ మూడు మాటల్లో దేనికీ విడిగా ఆ అర్థం లేదు. డిక్షనరీలో కాల్ అనే మాట కింద, చివర్లో వెతకండి. దొరికాక అర్థం ఒక్కటే కాదు, మీ మేనేజర్ పంపిన వాక్యం మొత్తం నోట్‌బుక్‌లో రాసుకోండి. మా క్లాసు పిల్లలతో నేను రోజూ చేయించేది అదే.