అమ్మాయిని హాస్టల్‌కి పంపే ముందు చెల్లికి నాలుగు మాటలు

చెల్లికి, మరిదిగారికి ఆశీస్సులు.

పాపకి విశాఖలో సీటొచ్చినందుకు చాలా సంతోషం. నిన్న ఫోన్లో నువ్వు దుప్పట్లు, బకెట్టు, పచ్చళ్లు అంటూ పెద్ద లిస్టు చదివావు. అవన్నీ విశాఖలో కొనుక్కోవచ్చు. అక్కడ దొరకనివి వేరే ఉన్నాయి, ముందు వాటి సంగతి చూడండి.

రెసిడెన్స్, కులం, ఆదాయం సర్టిఫికెట్లలో ఏది కావలసివచ్చినా పర్లాకిమిడి తహసీల్ ఆఫీసులో ఇప్పుడే తీయించండి. ఒడిశా కాగితాలు విశాఖ మీసేవలో ఇవ్వరు. మార్కుల షీట్లు జిరాక్సు తీసి, ఫోన్లోనూ ఫొటోలు పెట్టుకోండి. కాలేజీవాళ్లు ఒరిజినల్స్ చూసి తిరిగివ్వాలి, తమ దగ్గర అట్టే పెట్టుకోకూడదని యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ 2018లోనే చెప్పింది. అడిగి తీసుకోవడానికి మొహమాటపడకండి. బ్యాంకులో పాపది మైనర్ అకౌంట్ అయితే 18 నిండగానే మళ్లీ కేవైసీ, కొత్త సంతకం ఇవ్వాలి, అది కూడా గుర్తుంచుకోండి.

ఇక అసలు విషయం. పాప వెళ్లేదాకా నువ్వు చేతులు కట్టుకుని కూర్చోవడం నేర్చుకోవాలి. పిల్ల చదువుకుంటోందని మన ఇళ్లలో మంచినీళ్లు కూడా బల్ల దగ్గరికే తీసుకెళ్లి ఇస్తాం. ఆ పిల్లే రేపు జ్వరమొస్తే మాత్ర ఎప్పుడు వేసుకోవాలో తనే చూసుకోవాలి. బట్టలు ఇప్పటినుంచే తననే ఉతుక్కోమను. ఎర్ర చున్నీ, తెల్ల కుర్తా ఒకే బకెట్లో నానబెడుతుంది, కుర్తా గులాబీ రంగుకి తిరుగుతుంది. తిరగనీ. నువ్వు మాత్రం వెనకాలే వెళ్లి చున్నీ బయటికి తీయకు. నెల ఖర్చు ఒకేసారి చేతికిచ్చి, ఇరవయ్యో తారీఖుకల్లా అయిపోతే ఎలా ఉంటుందో అమ్మానాన్నల దగ్గర ఉండగానే చూడనివ్వండి.

నువ్వు పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. మన పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు గానీ చదవలేరు. బళ్లో ఒడియా, హిందీ, ఇంగ్లీషే కదా. పాతపట్నం మీకు పక్కనే, ఓ సాయంత్రం బస్టాండుకి తీసుకెళ్లి టెక్కలి, నరసన్నపేట, శ్రీకాకుళం బోర్డులు చదివించు. వారం తిరిగేసరికి పట్టేస్తుంది. మన యాస విని అక్కడి పిల్లలు నవ్వితే ఏం చెప్పాలో అది దానికే తెలుసు, నీకంటే గడుసుది. సెలవుల లెక్క కూడా ముందే చెప్పు. సంక్రాంతికి బాగా సెలవులిస్తారు గానీ మన ఒడిశా రజొ పండక్కి అక్కడ ఉండవు. ఊయలలు, పొడొపిఠా పిండివంట అని జూన్‌లో ఫోన్ చేసి పిల్లని ఊరించకు.

ర్యాగింగ్ గురించి మరిదిగారు బెంగపడుతున్నారన్నావు. చేరేటప్పుడు పిల్ల చేత, తల్లిదండ్రుల చేత ర్యాగింగ్ వ్యతిరేక అఫిడవిట్ తీసుకుంటారు. యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522 పగలూ రాత్రీ పనిచేస్తుంది. పాప ఫోన్లో ఆ నంబరు వేయించండి.

ఫోన్ల విషయంలో మాత్రం నా మాట విను. రోజూ ఒక వేళ పెట్టుకోండి, ఆ వేళ కూడా పాపనే చెప్పమను. పొద్దున టిఫిన్‌కి ఒకటి, మధ్యాహ్నం ఒకటి, నిద్రపోయిందా అని ఒకటి వద్దు. మొదటి వారాల్లో ఏదో ఒక రాత్రి "అమ్మా, వచ్చేస్తానే" అని ఏడుస్తుంది. మరిదిగారిని అప్పటికప్పుడు బండెక్కించకు. విను, తిన్నావా అని అడుగు, పొద్దున మాట్లాడదామను. పొద్దున ఆ పిల్లే క్లాసుకి టైమైపోయిందని ఫోన్ పెట్టేస్తుంది. అలాకాకుండా వరసగా తిండి మానేసినా, నిద్రపట్టకపోయినా, క్లాసుకే పోకపోయినా అది వేరే సంగతి. అప్పుడు ఆలోచించకుండా బయల్దేరండి. మనసు బాగోలేనివాళ్లకి సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 కూడా రాసిపెట్టుకో, తెలుగులోనూ మాట్లాడతారు.

దింపడానికి ఇద్దరూ వెళ్లండి. చిన్నాణ్ణి కూడా తీసుకెళ్లండి. అక్క ఎక్కడుంటుందో కళ్లారా చూస్తే వాడికీ బెంగ తగ్గుతుంది. గదిలో పరుపు, అలమర సర్దడం దానికే వదిలెయ్. టికెట్లు పాప చేతే బుక్ చేయించు, మీ తిరుగు టికెట్లు కూడా ఆ సాయంత్రానికే.

మీ అక్క,
బరంపురం