భూజల కమిటీలో ఒక్కరే మిగిలారు, కొత్తవాళ్లను ఎలా తయారు చేసుకోవాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా: బోర్లు ఎండిపోతున్నాయని ఊళ్లో పన్నెండు మందితో కమిటీ వేశారు. మూడు నెలలకే ఒక్కరు మిగిలారు, ఆ ఒక్కరూ అలసిపోయారు. జీతం లేకుండా ఊరి పని చేసే నాయకులు ఎలా తయారవుతారు?

తప్పు చాలాసార్లు మొదటి మీటింగులోనే జరిగిపోతుంది. పని ఏమిటో తెలియకముందే అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి అని పదవులు పంచేస్తాం. బాగా మాట్లాడేవాళ్లు, సర్పంచికి దగ్గరివాళ్లు ముందుకొస్తారు, మిగతావాళ్లు సంతకం పెట్టి ఇంటికెళ్తారు. పదవులు ఆర్నెల్లు పక్కన పెట్టండి. ముందు కొలతలు పంచండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడు కరువు జిల్లాల్లో, ఆరువందలకు పైగా ఊళ్లలో ఏపీఫామ్‌గ్స్ (రైతులే భూజలాన్ని చూసుకునే) పథకం నడిచింది ఈ దారిలోనే. రైతులే వానను, బోరు మట్టాన్ని కొలిచి, రబీకి ముందు ఊరి నీటి లెక్క తామే వేసుకున్నారు.

ఊరికి ఆరు బోర్లు ఎంచుకోండి. వాగు దగ్గర రెండు, మెరక మీద రెండు, చెరువు కింద ఒకటి, ఎస్సీ కాలనీ వాళ్ల పొలంలో తప్పకుండా ఒకటి. బోరుకు ఇద్దరు చొప్పున పన్నెండు మంది, ప్రతి జంటలో ఒకరు మహిళ. ఒకరు బెంగళూరో హైదరాబాదో పనికి వెళ్లినా రెండోవారు ఉంటారు. కొలత 1వ తేదీన, 15వ తేదీన. అమావాస్యకు అరక కట్టరు కాబట్టి అమావాస్య, పౌర్ణమి పెట్టుకుందామని కొందరంటారు. గుర్తుండటానికి బాగానే ఉంటుంది గానీ, చాంద్రమాన ఏడాది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, అధికమాసం వస్తే మళ్లీ వెనక్కి. నిరుడు ఇదే రోజున ఎంతుందో పోల్చలేరు.

కొలత దగ్గర తొందర పనికిరాదు. పొద్దున్నే, మోటార్లు ఆడకముందే వెళ్లాలి. ఆటో స్టార్టర్ ఉంటే కరెంటు వచ్చీ రాగానే మోటారు ఎత్తుకుంటుంది, మట్టం జారిపోతుంది. తెలంగాణలో 24 గంటల కరెంటు కాబట్టి ముందురోజు సాయంత్రమే ఆ రైతుకూ పక్క బోరు రైతుకూ చెప్పి రాత్రికి ఆపించుకోండి. నీటి మట్టం కొలిచే టేపును బోరులోకి మెల్లగా దింపితే నీళ్లు తగలగానే బీప్‌మంటుంది. కేసింగ్ (బోరుకు దింపిన గొట్టం) గోడకు చెమ్మ ఉంటే పైనే మోగుతుంది. అందుకే అరడుగు పైకి లాగి మళ్లీ దింపండి, మూడుసార్లూ ఒకే అంకె వస్తేనే రాయండి. నేల మీదికి ఉన్న కేసింగ్ ఎత్తు తీసెయ్యాలి: టేపు 24.60 మీటర్లు చూపి, కేసింగ్ 0.45 మీటర్లు పైకి ఉంటే పుస్తకంలో 24.15. జంటలో ఒకరు తీసేసి, మరొకరు తీసెయ్యకపోతే మట్టం దాదాపు అరమీటరు మారినట్టు కనిపిస్తుంది. నీళ్లు పైకొచ్చాయని ఊరంతా సంబరపడుతుంది, తర్వాత పుస్తకాన్ని ఎవరూ నమ్మరు. మోటారు ఉన్న బోరులో టేపు పైపుకూ కేబుల్‌కూ మధ్య చిక్కుకుంటుంది. ఈసారి మోటారు పైకి తీసినప్పుడు ముప్పావు ఇంచి పీవీసీ గొట్టం పక్కనే దింపించుకుంటే ఆ బాధ తప్పుతుంది. వీలైతే వాడకం మానేసి, ఇంకా నీళ్లున్న బోరు అన్నిటికన్నా మంచిది.

వానమాపకం పొద్దున 8:30కి చూడాలి. వాన పడకపోతే 0 రాయాలి. ఖాళీగా వదిలితే వాన రాలేదో, మనిషి రాలేదో తేలదు. కొత్తవాళ్లకు మొదటి నెల ఈ ఒక్క పని ఇవ్వండి. ముప్పై గళ్లూ నింపినవాళ్లు తర్వాత పెద్ద పనికీ నిలబడతారు. నాయకుణ్ణి వెతకడానికి ఇంతకన్నా మంచి పరీక్ష నాకు తెలియదు.

మూడో నెల నుంచి చదివే వంతు మొదలవ్వాలి. ఎవరు కొలిచారో వాళ్లే మీటింగులో లేచి చదవాలి, వాళ్ల తరఫున ఇంకొకరు కాదు. గొంతు వణికినా పర్వాలేదు, చేతిలో అంకె ఉంది. తర్వాతి మెట్టు ఆ అంకెను పొలానికి కలిపి చెప్పడం. 200 లీటర్ల డ్రమ్ము 50 సెకన్లలో నిండితే బోరు గంటకు 14,400 లీటర్లు పోస్తోంది. ఎకరానికి 50 మిల్లీమీటర్ల తడి అంటే సుమారు 2 లక్షల లీటర్లు, అంటే 14 గంటలు. కరెంటు తొమ్మిది గంటలే వచ్చే ఊళ్లో అది ఒకటిన్నర రోజు పైమాటే. వరికి సుమారు 1,200 మిల్లీమీటర్లు, వేరుశనగకు 500 కావాలి. ఒక ఎకరం వరి తాగే నీళ్లతో రెండెకరాలకు పైగా వేరుశనగ పండుతుంది. ఇది మైకు ముందు అధికారి చెబితే వింటారు, లేచిపోతారు. పక్కింటి కోడలు డ్రమ్ము పెట్టి చూపిస్తే ఎదురు ప్రశ్నలు వేస్తారు, తమ బోరూ కొలవమంటారు. బకెట్‌తో మాత్రం కొలవొద్దు. 20 లీటర్లు ఐదు సెకన్లలో నిండితే, ఒక సెకను తేడాకే లెక్క ఐదో వంతు తప్పుతుంది.

రచ్చబండ దగ్గర బోర్డు రాయించండి, కానీ బోర్లకు నంబర్లే వేయండి. యజమాని పేరు రాస్తే వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం) కింద ఎవరో వస్తారని, కరెంటు కోస్తారని భయపడి రెండో నెలే టేపు దింపనివ్వరు. ఈ పుస్తకం ఎందుకు, ఎవరు చూస్తారు అన్నది బోరు ఎంచుకున్న రోజే రైతుకు చెప్పి ఒప్పించాలి.

దొంగ అంకెలు వస్తాయి. వరసగా నాలుగుసార్లు ఒకే మట్టం ఉంటే, లేదా ప్రతిసారీ సరిగ్గా అరమీటరే దిగుతుంటే ఇంట్లో కూర్చుని రాశారన్నమాట. అందరిలో నిలదీయకండి, మనిషి మళ్లీ రారు. ప్రతిసారీ చీటీ తీసి ఒక బోరును వేరే జంటతో మళ్లీ కొలిపించే ఆనవాయితీ మొదటి నుంచే పెట్టండి. అందరికీ వర్తిస్తుంది కాబట్టి ఎవరికీ అవమానం ఉండదు.

మీటింగు ఎవరి అరుగు మీదా వద్దు. బడిలోనో పంచాయతీ ఆఫీసులోనో, అందరూ ఒకే ఎత్తులో కూర్చునేచోట పెట్టండి. పాలు పోసే వేళ, వంట వేళ పెట్టి, ఆడవాళ్లు రావడం లేదని అనకూడదు. ముప్పావు గంటలో ముగించండి.

డబ్బు సంగతి. నెల నెలా ఇవ్వడం మొదలుపెడితే, ఆగిన నెల పనీ ఆగుతుంది. అయితే రోజంతా శిక్షణ పెట్టినప్పుడు కూలికి వెళ్లేవాళ్లకు ఆ రోజు కూలి ఇవ్వాల్సిందే, లేకపోతే భూమి ఉన్నవాళ్లే వస్తారు. ఆంధ్రాలో వాలంటీర్ అనే మాట కూడా మానుకోండి. 2019లో యాభై ఇళ్లకు ఒకరు చొప్పున ప్రభుత్వం పెట్టిన వాలంటీర్లకు నెలకు 5,000 వచ్చేది, జనానికి అదే గుర్తొస్తుంది. నీటి కార్యకర్త అంటే చాలు.

నీటి లెక్కల ఏడాది జూన్ 1న మొదలై మే 31న ముగుస్తుంది. అక్టోబరులో వానలు తగ్గాక రబీ లెక్క వేసే మీటింగును పాతవాళ్లు నడపాలి, కొత్త జంట పక్కన కూర్చోవాలి. మేలో పాత జంట టేపు, పుస్తకం, కేసింగ్ ఎత్తుల పట్టిక అప్పగించి, రెండు కొలతలు కొత్తవాళ్లతో చేయించాలి. ఆ రెండుసార్లూ పాతవాళ్లు టేపు ముట్టుకోకూడదు. మీ దగ్గర మిగిలిన ఆ ఒక్కరికి కూడా ఇప్పుడు చేయాల్సిన పని అదే: వచ్చే 1వ తేదీన టేపు ఇంకొకరి చేతికిచ్చి, రెండడుగులు వెనక నిలబడమనండి.