థీసిస్ టాపిక్ నీ నైట్ డ్యూటీలోనే ఉంది

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. థీసిస్ కోసం నువ్వు పంపిన మూడు టాపిక్‌లూ చూశాను. మూడూ ఒకే అచ్చులోంచి వచ్చాయి. ఫలానా కాలేజీ పిల్లలకు డిప్రెషన్ గురించి ఎంత తెలుసో ప్రశ్నావళితో కొలవడం, ఒక గంట క్లాసు చెప్పడం, వారం ఆగి అదే ప్రశ్నావళి మళ్లీ చేతిలో పెట్టడం. మార్కులు పెరుగుతాయి. పెరగక ఏం చేస్తాయి? ‘స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రామ్’ అన్న పేరుతో ఇలాంటి ఎమ్మెస్సీ నర్సింగ్ థీసిస్‌లు బైండింగ్ అయి బీరువాల నిండా ఉన్నాయి. గైడ్‌కి ఇబ్బంది లేదు, నీకు టెన్షన్ లేదు, డిగ్రీ వస్తుంది. వార్డులో పడుకున్న మనిషికి మాత్రం ఒరిగేదేమీ లేదు.

నువ్వు సైకియాట్రీ వార్డులో పనిచేసి వెళ్లిన పిల్లవి. డాక్టరుగారు రౌండ్స్‌లో ఒక్కో పేషెంట్ దగ్గర నిలబడేది కాసేపే. మిగతా రోజంతా చూసేది మనం, నర్సులం. రాత్రి రెండింటికి ఎవరు నిజంగా నిద్రపోయారో, ఎవరు ఊరికే కళ్లు మూసుకుని పడుకున్నారో నీకే తెలుస్తుంది. అక్కడ నీకు కనబడి, ఫైల్లో కనబడనిది ఏదో ఒకటి ఉంటుంది. దాన్ని పట్టుకో.

నేనైతే దేన్ని పట్టుకుంటానో చెప్తాను. హాలోపెరిడాల్ అనే సైకోసిస్ మందు మొదలుపెట్టిన రెండో రోజో మూడో రోజో ఒక కుర్రాడు మంచం మీద నిలవడు. కూర్చుంటాడు, లేస్తాడు, వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకి తిరుగుతాడు, నిలబెట్టి మాట్లాడిస్తుంటే కాళ్లు మార్చి మార్చి వేస్తాడు. మనవాళ్లు నోట్స్‌లో ‘పేషెంట్ రెస్ట్‌లెస్’ అని రాసి సంతకం పెడతారు. పొద్దున అది చదివిన జూనియర్ డాక్టరు జబ్బు ముదిరిందనుకుని డోసు పెంచుతాడు. కుర్రాడు ఇంకా ఎక్కువ తిరుగుతాడు. అది మందు తెచ్చిన అకతీసియా, అంటే మనిషిని కుదురుగా ఉండనివ్వని సైడ్ ఎఫెక్ట్, అయి ఉండొచ్చని ఎవరికీ తట్టదు. అదే నోట్స్‌లో ‘నిన్న సాయంత్రం ఇంజెక్షన్ ఇచ్చాం, రాత్రి పన్నెండు నుంచి రెండు దాకా ఐదు నిమిషాలు కూడా కుదురుగా కూర్చోలేదు, కాళ్లలో ఏదో పాకుతున్నట్టుంది, తిరిగితేనే కాస్త హాయిగా ఉంది అంటున్నాడు, మాట సూటిగానే ఉంది’ అని ఉంటే? డోసు తగ్గించడమో, ఆ ఇబ్బంది తగ్గడానికి ప్రొప్రనొలాల్ ఇవ్వడమో ఆలోచించేవారు. ‘స్లెప్ట్ వెల్’, ‘నో ఫ్రెష్ కంప్లైంట్స్’ అని కిందటి షిఫ్టు రాసిందే దించడం నాకు మొదటి నుంచీ ఒళ్లుమంట. చూసింది రాయి, అతనన్న మాట అతని మాటల్లోనే రాయి. నర్సింగ్‌లో రీసెర్చ్ మొదలయ్యేది ఆ పేజీలోనే.

అకతీసియాని కొలవడానికి 1989 నుంచి బార్న్స్ స్కేల్ ఉంది. కూర్చోబెట్టి కనీసం రెండు నిమిషాలు, నిలబెట్టి రెండు నిమిషాలు చూస్తావు, తర్వాత లోపల ఎలా ఉందో అడుగుతావు. నోట్స్‌లో ‘రెస్ట్‌లెస్’ అని పడ్డ ప్రతి పేషెంట్‌నీ కొన్ని నెలల పాటు ఆ స్కేల్‌తో చూస్తే, ఎంతమందిలో అది మందు చేసిన పనో తేలుతుంది. తేలిన పూటే డ్యూటీ డాక్టరుకి చెప్పాలి సుమా, థీసిస్ అయ్యేదాకా దాచుకునే డేటా కాదది.

ఇంకా పెద్ద పని చేస్తానంటే సేఫ్‌వార్డ్స్ గురించి చదువు, సైకియాట్రీ వార్డులో గొడవలు, బలవంతాలు తగ్గించే పద్ధతి అది. ఇంగ్లండ్‌లో లెన్ బవర్స్ అనే సైకియాట్రిక్ నర్సింగ్ ప్రొఫెసర్, ఆయన బృందం 15 ఆస్పత్రుల్లో 31 వార్డులు తీసుకుని, ఏ వార్డులో దాన్ని అమలు చేయాలో లాటరీ పద్ధతిలో తేల్చి పరీక్షించారు. 2015లో ఫలితాలు అచ్చయ్యాయి. వార్డులో గొడవలు 15 శాతం, పట్టి ఉంచడాలు, బలవంతపు మందులు లాంటివి 26 శాతం తగ్గాయి. వాళ్లు చేసినవి చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. వద్దు అని చెప్పాల్సి వస్తే ఏ మాటలతో చెప్పాలో ముందే అనుకోవడం. ఇంటి నుంచి చెడ్డకబురు వస్తుందని తెలిస్తే ఆ పేషెంట్‌ని కనిపెట్టుకుని ఉండడం. షిఫ్టు మారేటప్పటి హ్యాండోవర్‌లో ప్రతి పేషెంట్ గురించీ ఒక్క మంచి సంగతైనా చెప్పడం. డిశ్చార్జ్ అయి వెళ్లేవాళ్ల చేత కొత్తగా వచ్చేవాళ్ల కోసం ఓ మాట రాయించి గోడకి పెట్టడం.

అయితే ఉన్నదున్నట్టు దించుకోకు. మన దగ్గర అమ్మో, భార్యో, అన్నో మంచం పక్కన చాప వేసుకుని ఉంటారు. సగం గొడవలు వాళ్లతోనే మొదలవుతాయి, సగం వాళ్లే సద్దుమణిగిస్తారు. వాళ్లకి ఇందులో ఏం పని పెట్టాలన్నది నువ్వు తేల్చుకోవాల్సిన విషయం. నా దృష్టిలో అసలు థీసిస్ అదే.

పేషెంట్లని కట్టేయడం గురించి కూడా చూడొచ్చు. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఎర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు మంటల్లోంచి తప్పించుకోలేక చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసుల్ని పూర్తిగా నిషేధించింది, ఒంటరిగా గదిలో పెట్టి తాళం వేయడాన్నీ ఒప్పుకోదు. అప్పటికప్పుడు ముంచుకొచ్చే ప్రమాదాన్ని ఆపడానికి ఇంకో దారి లేనప్పుడే కట్టాలి, సైకియాట్రిస్ట్ అనుమతి ఉండాలి, ఎందుకు, ఎలా, ఎంతసేపు అన్నది రికార్డులో ఎక్కాలి. మరి వార్డులో జరిగేది నీకు తెలీనిదా? కొడుకు చెయ్యి తువ్వాలుతో మంచం కమ్మీకి కట్టేసి, తల్లి టీ తెచ్చుకోవడానికి కిందకి వెళ్తుంది. అది ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు. నిజంగా ఎన్నిసార్లు, ఏ వేళప్పుడు కడుతున్నారో లెక్క తీస్తే చాలు, వార్డు ఇన్‌ఛార్జ్‌కి పనికొచ్చే కాగితం అవుతుంది. ఎవరిని తప్పుపట్టాలా అన్న చూపుతో మాత్రం దిగకు, తల్లి నీకు నిజం చెప్పదు.

వార్డు కాదు, ఊళ్లలో చేస్తానంటావా? పశ్చిమ గోదావరి గిరిజన గ్రామాల్లో స్మార్ట్ మెంటల్ హెల్త్ అని ఒక ప్రాజెక్టు జరిగింది. ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి మానసిక సమస్యలున్నాయేమోనని 5,007 మందిని పరీక్షించారు. 238 మందికి చికిత్స అవసరం ఉండొచ్చని తేలింది. వాళ్లలో అంతకుముందు ఈ సమస్యకి వైద్యం కోసం వెళ్లినవాళ్లు ఇద్దరే, తర్వాత 30 మంది అయ్యారు. 2017లో అచ్చయింది. ఇద్దరు ముప్పై కావడం మంచిదే. కానీ నర్సుగా నా కన్ను మాత్రం మిగిలిన రెండు వందల పైచిలుకు మంది మీదే ఉంటుంది. వాళ్లెందుకు వెళ్లలేదు? కూలి పోతుందనా, ఊళ్లో పేరు పోతుందనా, ఇంట్లో వద్దన్నారా? ఇలాంటిది ప్రశ్నావళితో రాదు. అరుగు మీద కూర్చుని వినాలి.

ఇక నీ అధ్యయనంలో చేరడానికి పేషెంట్ ఇచ్చే సమ్మతి సంగతి. పొద్దున మాత్రలు ఇచ్చే చెయ్యే మధ్యాహ్నం కాగితం పట్టుకుని ‘సంతకం పెడతారా’ అంటే పేషెంట్ కాదనలేడు. అందుకని నీ వార్డులో పనిచేయని మనిషి చేత అడిగించు. 2017 చట్టంలో 99వ సెక్షన్ ప్రింట్ తీసి దగ్గర పెట్టుకో. సమ్మతి ఇచ్చినవాళ్లు ఎప్పుడైనా తప్పుకోవచ్చు. సమ్మతి ఇవ్వగలిగే స్థితిలో లేనివాళ్ల మీద మందులు, చికిత్సలు, మానసిక పద్ధతులు ఏవి ప్రయోగించాలన్నా రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ అనుమతి తప్పనిసరి, అది నీ రెండేళ్ల కోర్సులో తేలే వ్యవహారం కాదు. వాళ్ల కేసు షీట్లు చదివి చేసే అధ్యయనానికి మాత్రం, పేర్లు బయటపడకుండా చూసుకుంటే చట్టం ఒప్పుకుంటుంది. ఎథిక్స్ కమిటీకి మాత్రం ఎలాగూ పెట్టాలి.

స్టాటిస్టీషియన్‌ని డేటా అంతా పోగయ్యాక కలుస్తారు అందరూ. నువ్వు ఇప్పుడే కలువు, ఫారంలో ఏ గడి ఉండాలో అప్పుడే తెలుస్తుంది. ఈలోగా నీ పాత వార్డుకి వెళ్లి, పర్మిషన్ తీసుకుని, కిందటి నెల నైట్ రిపోర్టులు చదువు. ‘రెస్ట్‌లెస్’ అని ఎన్నిచోట్ల ఉందో పెన్సిల్‌తో లెక్కపెట్టి ఫోన్ చెయ్యి. ఆదివారం మధ్యాహ్నం అయితే ఖాళీగానే ఉంటాను.

నీ పెద్దమ్మ