పొలం ఇప్పుడే పిల్లల పేర రాయాలా? – సమాధానం

సార్, నమస్తే. దేవరకొండ దగ్గరి మీ మూడెకరాలు ఇప్పుడే రాసిచ్చి హైదరాబాద్ వచ్చెయ్యమని కొడుకులు అడుగుతున్నారని, కాదంటే స్వార్థం అవుతుందేమోనని రాశారు. ఎంతమాత్రం కాదు సార్. బతికున్నన్నాళ్లు ఒకరి మీద ఆధారపడకూడదు అనుకోవడంలో తప్పేం లేదు.

వీలునామా రాయండి. అది మీ తర్వాతే అమల్లోకి వస్తుంది, ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, చేయిస్తే రేపటి గొడవలు తగ్గుతాయి. గిఫ్ట్ డీడ్ (బతికుండగానే ఆస్తి రాసిచ్చే దానపత్రం) అయితే ఒకసారి రిజిస్టరయ్యాక వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. ఇవ్వక తప్పకపోతే, మమ్మల్ని చూసుకోవాలన్న షరతు అందులోనే రాయించండి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 23వ సెక్షన్ ప్రకారం, ఆ షరతు తప్పితే ట్రిబ్యునల్ (ఇలాంటి ఫిర్యాదులు విని తేల్చే అధికార సంస్థ) ఆ గిఫ్ట్ డీడ్‌ను రద్దు చేయొచ్చు. మన దగ్గర ఆర్డీవో ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోవాలి. మీ పిల్లలు అట్లాంటివాళ్లని నేననడం లేదు.

ఇక హైదరాబాద్ సంగతి. ఊళ్లో ఇల్లు అట్లాగే ఉంచి, ఎండాకాలం రెండు నెలలు ఉండి చూడండి. మా మిర్యాలగూడ వైపు నుంచి వెళ్లిన పెద్దవాళ్లకు అక్కడ తిండికి లోటుండదు, పలకరించే మనుషులే కరువు. అందుకే తొందరపడొద్దంటున్నా.

కొడుకులతో "ఇవ్వను" అనకండి. "నా తర్వాత మీదే, కాగితం కూడా రాసిపెట్టిన" అనండి, వాళ్ల టెన్షన్ సగం తగ్గుతుంది. కోడళ్లు కూడా ఉన్నప్పుడే చెప్పండి. ఇంకా సందేహముంటే పెద్దవాళ్ల సహాయం కోసం ఉన్న ఎల్డర్‌లైన్ 14567కు ఫోన్ చేయండి, ఉచితమే.