తిరుపతి దగ్గర రాత్రి ఫోటోలో పడింది దేవాంగపిల్లేనా? ముఖం చూసి చెప్పొచ్చా?

భాకరాపేట ఘాట్ దగ్గర రాత్రి తీసిన ఫోటో పెట్టి, ఇది దేవాంగపిల్లా, దాని దగ్గరి చుట్టం స్లో లోరిస్సా, ముఖం మీది మచ్చల్ని బట్టి తేల్చొచ్చా అని అడిగారు. తేల్చొచ్చు. కానీ మన శేషాచలం వైపు అంత టెన్షన్ అక్కర్లేదు. మన దేశంలో స్లో లోరిస్ ఉండేది ఈశాన్య రాష్ట్రాల్లో. ఎర్ర దేవాంగపిల్లి శ్రీలంకలో తప్ప ఇంకెక్కడా లేదు. ఇక్కడున్నది బూడిద రంగుదొక్కటే. పేరులో పిల్లి ఉందిగానీ ఇది కోతుల చుట్టం, పునుగుపిల్లితో ఏ సంబంధమూ లేదు.

ఈ సంగతి నాకు అక్షింతలు పడ్డాకే తెలిసింది. మా మామ చింతతోపులో పసుపు టార్చి వేసి ఒకదాన్ని ఫోటో తీశాను. ఒళ్ళు ఎర్రగా కనిపించేసరికి, శ్రీలంక జాతి మన చిత్తూరు జిల్లాలో దొరికిందని వాట్సాప్ గ్రూపులో గొప్పగా పెట్టేశాను. అడవుల్లో తిరిగే ఒకాయన "ముందు ఆ టార్చి మార్చు నాయనా" అన్నాడు. ఫోనులో కలర్ సరిచేసి చూస్తే శుభ్రంగా బూడిద రంగే!

అప్పట్నుంచి రంగును నమ్మను, మచ్చల ఆకారమే చూస్తాను. దేవాంగపిల్లికి కళ్ళ చుట్టూ కాటుక చెరిగినట్టు నల్లటి మచ్చలు. వాటి మధ్య నుదుటి నుంచి ముక్కు దాకా తెల్లటి చార, కొండ కింద ఉన్నందుకు నామం పెట్టుకుందా అన్నట్టు. కాళ్ళూ చేతులూ పుల్లలు, తోక లేదు, బరువు పావుకిలో అటూఇటూ. స్లో లోరిస్ బొద్దుగా ఉంటుంది. చాలా రకాల్లో కళ్ళ మచ్చలు పైకి సాగి, నెత్తి మీదుగా వీపు చారతో కలుస్తాయి. మన ఈశాన్యంలోని బెంగాల్ రకానికి తల తెల్లబారి ఆ గీతలు మసకగా ఉంటాయి, కిలో పైనే తూగుతుంది.

ముఖం అసలు పనికొచ్చేది ఒకే ప్రాంతంలో దగ్గరి జాతులు ఉన్నప్పుడు. ఆగ్నేయాసియాలోని బోర్నియో దీవిలో ఒకే జాతి అనుకున్న స్లో లోరిస్‌లను ముఖాల ఫోటోలు పోల్చి 2012 చివర్లో శాస్త్రవేత్తలు నాలుగుగా విడదీశారు. అందులో కయాన్ అనేది పూర్తిగా కొత్తది. వాళ్ళు చూసింది ఇలాంటివే: కంటి మచ్చ గుండ్రంగా ఉందా సాగిందా, మధ్య చార వెడల్పెంత, నెత్తి మీది మచ్చ ఏ ఆకారంలో ఉంది, చెవుల మీద వెంట్రుకలెన్ని.

మీది పక్క నుంచి తీసిన ఫోటో, ఒక కన్నే కనిపిస్తోంది. ఈసారి టార్చికి ఎర్ర గ్లాసు కాగితం చుట్టి, ఎదురుగా తీసి పెట్టండి. ఆ వెలుతురులో రంగు తెలియదుగానీ మచ్చల అంచులు బాగానే పడతాయి, దాని కళ్ళకూ ఇబ్బంది తక్కువ. లొకేషన్ మాత్రం ఇప్పుడే తీసేయండి. ఇది వన్యప్రాణి రక్షణ చట్టంలో అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న షెడ్యూల్ 1 జంతువు, చేతబడికని పట్టుకెళ్ళేవాళ్ళు ఇంకా ఉన్నారు.