టెస్టోస్టిరాన్ తగ్గినా పీఎస్‌ఏ ఎందుకు పెరుగుతోంది?

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకింది. మూడు నెలలకోసారి హార్మోన్ ఇంజెక్షన్ వేయిస్తున్నాం. మొదట్లో పీఎస్‌ఏ బాగా తగ్గింది. ఈమధ్య 0.4 నుంచి 1.9కి, తర్వాత 4.6కి పెరిగింది. టెస్టోస్టిరాన్ మాత్రం 18 దగ్గరే ఉంది. హార్మోనే లేనప్పుడు క్యాన్సర్ దేంతో పెరుగుతోంది? ఇంజెక్షన్ ఇక దండగేనా? డాక్టరుగారు జీన్ల గురించి ఏదో చెప్పారు గానీ టెన్షన్‌లో బుర్రకెక్కలేదు.

జవాబు: ముందు ఒక మాట. ఇంజెక్షన్ ఆపకండి. ఇలాంటి రిపోర్టు చూసి సొంతంగా మానేసి, ఆర్నెల్ల తర్వాత నా దగ్గరికి వచ్చేవాళ్లున్నారు.

పీఎస్‌ఏ ప్రోస్టేట్ కణాలు తయారు చేసే ఒక ప్రోటీన్, రక్తపరీక్షలో కొలిచేది దాన్నే. దాన్ని తయారు చేయించేది కేఎల్‌కే3 అనే జీన్. ఆ జీన్‌కు ఆర్డరు హార్మోన్ నుంచే రావాలి. ప్రోస్టేట్ కణంలో టెస్టోస్టిరాన్ మరింత బలమైన డీహెచ్‌టీగా మారి, ఆండ్రోజన్ రిసెప్టార్‌కు, అంటే కణంలో హార్మోన్‌ను అందుకునే ప్రోటీన్‌కు, అతుక్కుంటుంది. ఆ రిసెప్టార్ కేంద్రకంలోకి వెళ్లి డీఎన్‌ఏను పట్టుకుంటే కేఎల్‌కే3తో పాటు ఎన్నో జీన్లు పని మొదలుపెడతాయి. కణం పెరగడానికి, చీలడానికి కావలసినవీ వాటిలోనే ఉంటాయి. చాలామందిలో టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2 అనే హార్మోన్ మాట వినే జీన్ తెగి, ఈఆర్‌జీ అనే మరో జీన్‌కు అతుక్కుపోతుంది. 2005లో బయటపడిన సంగతి ఇది. అప్పట్నుంచి ప్రోస్టేట్‌కు మామూలుగా వచ్చే ఆర్డరే క్యాన్సర్ జీన్‌ను నడిపిస్తుంది.

కాబట్టి మీ నాన్నగారి పీఎస్‌ఏ పెరిగిందంటే, ఆ రిసెప్టార్ మళ్లీ పనిచేస్తోందని అర్థం. రక్తంలో 18 ఉన్నా సరే.

ఎలాగంటారా? ఇంజెక్షన్ ఆపేది వృషణాల్లో తయారయ్యే టెస్టోస్టిరాన్‌ని. అడ్రినల్ గ్రంథుల నుంచి కొంత వస్తూనే ఉంటుంది, గడ్డ తనకు కావలసింది తానే తయారు చేసుకోగలదు. పైగా క్యాన్సర్ కణాలు రిసెప్టార్ జీన్‌కు అదనపు కాపీలు చేసుకుంటాయి. అప్పుడు నలుసంత హార్మోన్ ఉన్నా చాలు. కొన్ని కణాలైతే మరీ తెలివి మీరి, హార్మోన్ అతుక్కునే భాగమే లేని రిసెప్టార్‌ను తయారు చేస్తాయి. దాని పేరు ఏఆర్-వీ7. దానికి ఆర్డరుతో పనిలేదు, ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది.

ఇంజెక్షన్ మానేస్తే, ఇంత ఆకలితో ఉన్న రిసెప్టార్‌కు మళ్లీ టెస్టోస్టిరాన్ అందించినట్టే. అందుకే దాన్ని కొనసాగిస్తూ పైన ఇంకో మందు కలుపుతాం. అబిరాటెరోన్ హార్మోన్ తయారీని అడ్రినల్‌లో, గడ్డలో కూడా అడ్డుకుంటుంది. ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్‌తో కలిపి ఇస్తారు, బీపీ, పొటాషియం, లివర్ పరీక్షలు చూసుకుంటూ ఉండాలి. ఎంజలుటమైడ్ రిసెప్టార్‌నే అడ్డుకుంటుంది. మీ నాన్నగారికి ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి. ఏఆర్-వీ7 ఉన్నవాళ్లకు ఈ రెండూ అంతగా పనిచేయవు, కీమో గురించి ఆలోచించాల్సి రావచ్చు.

పీఎస్‌ఏ ఒక్కటే చూసి ఏ నిర్ణయానికీ రావద్దు. కొందరిలో క్యాన్సర్ ఈ హార్మోన్ దారినే వదిలేస్తుంది. అప్పుడు పీఎస్‌ఏ తక్కువగా ఉండగానే గడ్డ పెరుగుతుంది. స్కాన్ కూడా చేయించండి.

మీరు అడగని సంగతి ఇంకొకటి చెబుతాను. బీఆర్‌సీఏ2 జీన్ పరీక్ష చేస్తారేమో అడగండి. ఇది హార్మోన్ జీన్ కాదు, డీఎన్‌ఏను బాగుచేసే జీన్. అందులో లోపం ఉంటే నాన్నగారికి మరో రకం మందు వాడే వీలుంటుంది. పుట్టుకతో వచ్చిన లోపమైతే మీరూ, మీ తోబుట్టువులూ, అక్కచెల్లెళ్లతో సహా, పరీక్ష చేయించుకోవాలి.