ఇది సముద్రమా, చెరువా?

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: కనుమ రోజు ప్రభల తీర్థం అయిపోయాక ఇంకా రెండు రోజులు సెలవులు మిగులుతాయి, పిల్లల్ని ఎక్కడికైనా సముద్రానికి తీసుకెళ్దామనుకుంటున్నాం. వైజాగ్ అంటే మా అత్తయ్యగారు అంత దూరం కూర్చోలేరు. కాకినాడ దగ్గరే, కానీ రెండేళ్ల క్రితం వెళ్లినప్పుడు మా చిన్నాడు నీళ్లు చూసి "అమ్మా, ఇది సముద్రమా, చెరువా?" అన్నాడు. అలల్లేవు, కాలు పెడితే బురద. మళ్లీ అక్కడికే ఎందుకు, డబ్బు దండగ అంటున్నారు మావారు. ఏం చేయమంటారు?
– ఒక గృహిణి, అమలాపురం

జవాబు: అమ్మా, వెళ్లండి. మీవాడు అడిగింది చాలా మంచి ప్రశ్న, పోయినసారి వాడికి జవాబు చెప్పేవాళ్లు దొరకలేదు, అంతే. కాకినాడకి ఎదురుగా సముద్రంలో హోప్ ఐలాండ్ అని ఒక ఇసుక దిబ్బ ఉంది, సుమారు 16 కిలోమీటర్ల పొడవు. గోదావరి తెచ్చి పోసిన ఇసుకే ఈ రెండు వందల ఏళ్లలో అలా పెరుగుతూ వచ్చింది. బంగాళాఖాతంలో లేచిన అల ముందు దానికి తగిలి అక్కడే విరిగిపోతుంది. దాని వెనక నీళ్లు చెరువులాగే ఉంటాయి, లోతు తక్కువ, అడుగున గోదావరి ఒండ్రు. మీకు కాళ్లకి అంటుకున్నది అదే, మన పొలాల్లో ఉన్న మట్టే. స్నానానికి అది బాగోదు కానీ ఓడలకి కావలసింది సరిగ్గా అలల్లేని నీళ్లే, కాకినాడ రేవు అయింది అందుకే. ఆ ఊరికి బీచ్ ఒక్కటే చూద్దామని వెళ్తే సగం ఊరు చూడకుండా తిరిగొచ్చినట్టు.

ముందు దారి సంగతి. మీరు ఎలాగూ ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగానే వెళ్తారు కదా, కాకినాడ చేరకముందే కోరంగి వస్తుంది. తొందరపడి దాటేయకండి. మడ అడవిలో చెక్కలతో నడక దారి వేశారు, అత్తయ్యగారు కూడా మెల్లగా నడవగలరు. అక్కడికి సముద్రం పాటు మీద, అంటే నీళ్లు వెనక్కి తగ్గి ఉన్నప్పుడు వెళ్లాలి, ఇది చాలామంది పట్టించుకోరు. పోటు మీద ఉంటే నీళ్లూ ఆకులూ తప్ప ఏమీ కనబడవు. నీళ్లు తీసినప్పుడైతే మడచెట్ల గాలి వేర్లు బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు వేల కొద్దీ పైకి లేచి ఉంటాయి, వాటి మధ్య ఎర్ర డెక్కల పీతలు, బురద మీద గెంతుకుంటూ పోయే వేలెడంత చేపలు. చేప నీళ్లలోంచి బయటికొచ్చి గెంతడం మీవాడు అక్కడే చూడాలి. రెయిలింగ్ మీద వంగి ఓ ఐదు నిమిషాలు మాట్లాడకుండా నిలబడమనండి, అలికిడికి కన్నాల్లో దూరిన పీతలన్నీ ఒక్కొక్కటే మళ్లీ బయటికొస్తాయి. పోటు, పాటు రోజుకి రెండేసి సార్లు వస్తాయి, ప్రతి రోజూ దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తాయి కాబట్టి నిన్నటి టైము ఇవాళ పనికిరాదు, ముందురోజు అక్కడివాళ్లని ఎవర్నైనా కనుక్కోండి.

కోరంగి ఒకప్పుడు పెద్ద రేవని పిల్లలకి చెప్పండి. బర్మా వెళ్లిన మనవాళ్లని అక్కడ కోరంగీలనే పిలిచేవారు, ఈ ఊరి పేరు మీదే. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన ఊరినీ ఓడల్నీ ఊడ్చేసింది. ఆ రోడ్డు మీద కారు ఆపి, ఇక్కడి నుంచి రంగూన్ వెళ్లేవారని మావాళ్లు చెప్తే నా చిన్నప్పుడు నేను నమ్మలేదు. ఇప్పటికీ అక్కడికి వెళ్తే గుండెలో ఏదో అవుతుంది.

రెండో రోజు పొద్దున్నే, టిఫిన్ కూడా తరవాతే, జగన్నాథపురం వంతెన దగ్గరికి వెళ్లండి. ఉప్పుటేరు పొడుగునా బార్జీలు, అంటే సరుకు మోసే పెద్ద పడవలు, కట్టి ఉంటాయి. మా పెద్దనాన్నగారు వాటి మీదే పనిచేశారు, నా సెలవులన్నీ అక్కడే గడిచాయి. తీరం దగ్గర లోతు చాలదు కాబట్టి యాంకరేజ్ పోర్టుకి వచ్చే ఓడలు దూరంగా సముద్రంలోనే లంగరు వేసుకుని నిలబడతాయి. బియ్యం బస్తాలు బార్జీలో నింపి, టగ్గు అనే లాగుడు పడవకి కట్టి అంత దూరం లాక్కెళ్లి ఓడలోకి ఎక్కిస్తారు. ఖాళీ బార్జీ గోడలా ఎత్తుగా ఉంటుంది, నిండాక అంచు నీళ్లకి దగ్గరగా దిగిపోతుంది, పిల్లలకి ఈ రెండూ పక్కపక్కన చూపిస్తే ఇక చెప్పాల్సింది ఉండదు. మన జిల్లాల్లో ఆడిన ధాన్యం కూడా ఆ బస్తాల్లో ఉంటుంది. పోర్టు లోపలికి మాత్రం మామూలు జనాన్ని రానివ్వరు, గేటు దగ్గర బతిమాలి టైము పాడుచేసుకోవద్దు.

సాయంత్రం బీచ్‌కి వెళ్లండి, వాకలపూడి వైపు. పోర్టు దాటి ఉత్తరానికి పోయేకొద్దీ దిబ్బ అడ్డు తగ్గి అలలు మొదలవుతాయి, మీవాడికి కావలసిన సముద్రం అక్కడ దొరుకుతుంది. అయితే మోకాలు దాటి లోపలికి పంపకండి. పిల్లల చెయ్యి వదలకండి, ఫోటోల కోసం కూడా. చీకటి పడ్డాక లంగరు వేసిన ఓడల దీపాలు వరసగా వెలుగుతాయి, మేము చిన్నప్పుడు ఎవరు ఎక్కువ లెక్కపెడతారా అని పందెం వేసుకునేవాళ్లం. వచ్చేటప్పుడు కాకినాడ గొట్టం కాజా తెచ్చుకోండి. తాపేశ్వరం మడత కాజాకీ దీనికీ పోలికే లేదు. లోపల పాకం ఉంటుంది, కొరికేటప్పుడు చిన్నాడి కొత్త చొక్కా జాగ్రత్త.

ప్రశ్న: మేం నలుగురు ఫ్రెండ్స్‌మి, ఫిబ్రవరిలో హోప్ ఐలాండ్‌కి వెళ్లి రాత్రి టెంట్ వేసుకుని, మంట వేసుకుని ఉండాలని ప్లాన్. ఎవరైనా పడవవాళ్లకి డబ్బులిస్తే దింపేస్తారట కదా?
– ఒక డిగ్రీ విద్యార్థి, భీమవరం

జవాబు: వద్దు తమ్ముడూ. అటవీ శాఖవాళ్లని అడిగి, అనుమతి ఉంటేనే పగలు వెళ్లి పగలే వచ్చేయండి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఆ ఇసుకలోకి వచ్చి గుడ్లు పెడతాయి, మీరు వెళ్లాలనుకున్నది సరిగ్గా ఆ నెలల్లోనే. తల్లి తాబేలు రాత్రిపూటే ఒడ్డెక్కుతుంది, మంటగానీ టార్చిగానీ కనబడితే గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరిగిపోవచ్చు. సుమారు యాభై రోజులకి గుడ్లు పగిలి పిల్లలు బయటికొస్తాయి, సముద్రం మీద మెరిసే వెలుగు వైపు పాకడం వాటికి పుట్టుకతో వచ్చిన తెలివి. ఒడ్డున మీ మంట వెలుగుతుంటే అటే పాకుతాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటికి పూర్తి రక్షణ ఉంది, కేసు పెడతారు. కేసు సంగతి పక్కన పెట్టినా, ఆ చిన్న ప్రాణాలు దారి తప్పి చచ్చిపోవడానికి మనం కారణం కావడం ఎందుకు?

పడవ గురించి కూడా చెప్తాను. మీ వయసులో మేమూ ఒక పడవాయన్ని ఒప్పించుకుని అటు బయల్దేరాం, లైఫ్ జాకెట్లు లేవు. తిరిగొచ్చేసరికి పాటు తీసి మధ్యలో పడవ బురదలో కూరుకుపోయింది. దిగి తోద్దామంటే తొడల దాకా దిగబడిపోతున్నాం. తాగడానికి నీళ్లు అయిపోయాయి. మళ్లీ పోటు వచ్చి పడవ లేచేదాకా ఎండలో అలాగే కూర్చున్నాం, ఇంటి దగ్గర అమ్మ పడ్డ టెన్షన్ తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎక్కకండి.

ప్రశ్న: మే నెలలో మనవలు హైదరాబాద్ నుంచి వస్తారు. కాకినాడలో తాజా సముద్రం చేపలు తినిపించి, మా కోడలికి ఉప్పాడ చీర కొనాలని ఉంది. సరైన సమయమేనా?
– ఒక రిటైర్డ్ టీచర్, రాజోలు

జవాబు: మాస్టారూ, చీరకి సరైన సమయమే, చేపలకి కాదు. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది, మరబోట్లన్నీ ఒడ్డునే కట్టేసి ఉంటాయి. ఇంజన్ లేని చిన్న పడవలవాళ్లు తెచ్చే కొద్దిపాటి చేపలు దొరికితే అదృష్టం. హోటల్లో పెట్టేది చాలావరకు ఐసుదో, మన చెరువుల చేపో అయి ఉంటుంది, చెరువు చేప కోసం రాజోలు నుంచి కాకినాడ వెళ్లక్కర్లేదు కదండీ. మనవలకి ఆగస్టులో సెలవు దొరికితే ఎర్రనీరు వచ్చాక యానాం వెళ్లండి, అదృష్టం బాగుంటే పులస దొరుకుతుంది.

ఉప్పాడ జాందానీ చీరకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొనేటప్పుడు బుటా ఉన్న చోట చీర తిరగేసి చూడండి, అసలుదైతే వెనక కూడా ముందువైపులాగే శుభ్రంగా ఉంటుంది, పోగులు వేలాడవు. నేతగాళ్ల ఇళ్ల దగ్గర కొంటే మగ్గం కూడా చూడవచ్చు, బుటా బుటాకీ విడిగా చిన్న కండెతో దారం తిప్పే ఆ ఓపిక చూశాక ధర తగ్గించమని అడగబుద్ధి కాదు. కాకినాడ నుంచి బీచ్ రోడ్డు మీద వెళ్తే దారి చాలా బాగుంటుంది కానీ ఉప్పాడ దగ్గర సముద్రం ఏటా ఊరిని కోసేస్తూ వస్తోంది, ఇళ్లూ గుళ్లూ పోగొట్టుకున్నవాళ్లు ఇంకా అక్కడే బతుకుతున్నారు. రాళ్ల మీద నిలబెట్టి మనవలకి ఫోటోలు తీయకండి. మేలో కూడా తుఫాన్లు వస్తాయి, 2022లో అసని వచ్చింది ఆ నెలలోనే. పోర్టులో ప్రమాద హెచ్చరిక నంబరు ఎగరేశారని వింటే ఆ రోజుకి బీచ్ రోడ్డు మానేసి పిఠాపురం మీదుగా వెళ్లండి, కుక్కుటేశ్వరుడి దర్శనం కూడా అవుతుంది.